ఆమె తల తిప్పే దిక్కు

మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఒకసారి తల తిప్పి ఎటో చూడటం ఆమెకు అలవాటు. మన మాట వినడం మానేసి కాదు. చెవి మన దగ్గరే ఉండేది. కళ్లు మాత్రం ఒక్క క్షణం గది పైమూలకో, కిటికీ పక్కన ఖాళీ గోడ మీదికో, ఒక్కోసారి నేల మీదికో వెళ్లి తిరిగి వచ్చేవి. మొదట్లో బల్లి కనబడిందేమో అనుకుని నేనూ అటు చూసేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు. కొన్నాళ్లకు ఒకటి గమనించాను. ఆమె చూసే చోటు ఎప్పుడూ ఒకటే కాదు, అలాగని ఇష్టం వచ్చినట్టు మారేదీ కాదు. మాకు పరిచయమైన ఆ వేసవిలో పొద్దున వస్తే తూర్పు గోడ, మధ్యాహ్నం వస్తే పైకప్పు, సాయంత్రం వస్తే పడమటి కిటికీ కింద.

"ఏం చూస్తున్నరు?" అని ఒకరోజు అడిగేశాను.

"మా మబ్బు ఎక్కడిదాకా వచ్చిందా అని చూస్తున్నానండి," అంది మామూలుగా. "ఇప్పుడు సరిగ్గా మీ బీరువా నెత్తిన ఉంది."

బయట మిట్టమధ్యాహ్నం. రాయచూరు ఎండాకాలం. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఆమె పోయి రెండు నెలలు కావస్తోంది. వానాకాలం జ్వరం, డెంగ్యూ అన్నారు. వారం తిరగకముందే అంతా అయిపోయింది. ఆ సంగతి ఆమె తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి పెట్టేశాడు.

నేను కంటి డాక్టర్ని. మాది రాయచూరు బజారులో తరతరాలుగా ఇత్తడి సామాను అమ్మే కుటుంబం. కింద దుకాణం, మేడ మీద నా క్లినిక్కు, దాని వెనకే మా ఇల్లు. వాళ్లది జవళగేర దగ్గర ఒక క్యాంపు, వలస వచ్చిన రైతుల ఊరు. తుంగభద్ర కాలువ వచ్చిన కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి వరి సాగులో స్థిరపడిన కుటుంబాల్లో వాళ్లదొకటి. తల్లిదండ్రులు లేరు. ఆమె ఎక్కడో వేరే రాష్ట్రంలో పరిశోధన ఉద్యోగం చేసేది. తమ్ముడు పొలం చూసుకుంటూ, కోతల కాలంలో సొంత కోత మిషను తిప్పేవాడు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు.

ఆమె మెట్లెక్కి వస్తే చప్పుడు వినబడేది కాదు. తల ఎత్తేసరికి ఎదురుగా ఉండేది. మా అమ్మకు అది నచ్చేది కాదు. "ఏందే, గా పిల్ల కాళ్లు నేలకు ఆనుతయా లేదా?" అనేది. తర్వాత తర్వాత అలవాటు పడి, ఆమె వచ్చిన రోజు జొన్నరొట్టె ఒకటి ఎక్కువ కాల్చేది. రొట్టె చేతికిస్తూ, "పట్టపగలు చుక్కలు చూసెటోళ్లను గిప్పుడే చూస్తున్న," అనేది.

"పగలైనా రాత్రైనా ఒకటేనండి పిన్నిగారూ," అని ఆమె నవ్వేది. "మేం చూసేది కంటితో కాదు. రేడియో అలలతో. వాటికి ఎండ అడ్డం రాదు."

క్లినిక్కు గుమ్మం దగ్గర చేతులకు రాసుకునే శానిటైజర్ సీసా ఒకటి ఉంటుంది. వచ్చినప్పుడల్లా దాని దగ్గర ఆగేది. మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. చీటీ చదివేది. ఒక్క చుక్క వాడేది కాదు. లోపలికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కునేది. అందులో మిథనాల్ అనే విషం కలిసిందేమోనని అనుమానమా అని అడిగితే, "అది కాదండి. ఊరికే, పలకరించి వస్తాను," అంది. నవ్వుతూ అన్న మాట కాదది.

వాళ్లు నా దగ్గరికి మొదటిసారి వచ్చింది పోయిన ఏడాది, వేసవి పంట కోతలయ్యాక. పని ముగిసిందన్న సంతోషంలో మిషన్ల వాళ్లంతా తాగడానికి కూర్చున్నారట. ఎవరో ఎక్కణ్నుంచో ఒక డబ్బా తెచ్చారు. నీళ్లు పోసి, తీపి రసం కలిపి తాగారు. మర్నాడు ఒక డ్రైవరు చనిపోయాడు. ఆమె తమ్ముడికి కడుపునొప్పి, ఆయాసం. పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధి చేసి బతికించారు. అతను తాగుబోతు కాదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు, నలుగురితో కూర్చున్నప్పుడు తాగే మనిషి.

ఆమె తమ్ముడి మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ముప్ఫై దాటిన, ఎండకు కమిలిన బలమైన మనిషి. కుర్చీ కోసం చేత్తో గాలిలో వెతికాడు. కూర్చోబెట్టి టార్చి వేసి చూశాను. రెండు కనుపాపలూ పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. వెలుగు పడినా కదలలేదు.

"లైటు కనవడుతున్నదా?" అని అడిగాను.

"లేదండి."

"అంత చీకటేనా మరి?"

"చీకటి కాదండి," అన్నాడు. "తెలుపు. ఎటు చూసినా తెలుపే. పొగమంచులో చేలోకి దిగినట్టుంటదండి. అవతలి గట్టు ఎక్కడుందో తెలీదు."

ఆమెను పక్క గదిలోకి పిలిచి, చెప్పవలసింది చెప్పాను. "వాళ్లు తాగింది సారా కాదమ్మా. మిథనాల్ అంటరు. లోపలికి పొయినంక ఒళ్లే దాన్ని ఇంకో విషం చేస్తది. ఆ విషం కంటి నరాన్ని కాలుస్తది. ఇగ ఆ నరం మళ్ల రాదు."

ఆమె చేతులు కట్టుకుని విన్నది. ఏడుస్తుందనుకుని నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపాను.

"మిథనాల్ నాకు తెలుసండి," అంది. "నేను చేసే పనే అది."

"ఏ ఫ్యాక్టరీల?" అన్నాను. నా గొంతు గట్టిగానే వచ్చి ఉంటుంది.

"ఫ్యాక్టరీ కాదండి. ఆకాశంలో." అని తల తిప్పి పైకప్పు వైపు చూసింది. ఆ రోజు నేను దాన్ని దుఃఖం అనుకున్నాను. కొందరికి అలా మతి చలిస్తుంది. తర్వాత తెలిసింది, ఆ క్షణంలో ఆమె చెప్పింది అక్షరాలా నిజమని.

తమ్ముడి కోసం ఆమె పొడవైన సెలవు పెట్టి క్యాంపులోనే ఉండిపోయింది. ఎక్కడెక్కడి టెలిస్కోపులో నమోదు చేసినవి ఇంటర్నెట్‌లో వచ్చేవి, ఆమె ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చునేది. తమ్ముణ్ని నా దగ్గరికి చూపించడానికి తెచ్చినప్పుడు, మందుల కోసం ఒక్కతే వచ్చినప్పుడు, టీ తాగుతూ కాస్త కాస్త చెప్పేది. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది.

చుక్కల మధ్య విపరీతమైన చలిలో దుమ్ము మబ్బులుంటాయి. ఆ దుమ్ము రేణువుల మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచులో, ఎవరూ కలపకుండా, ఒక్కొక్క అణువూ వచ్చి అతుక్కుంటూ మిథనాల్ తయారవుతుంది. తయారై అలాగే గడ్డకట్టి పడి ఉంటుంది, మనం ఊహించలేనంత కాలం. తర్వాత ఎప్పుడో ఆ మబ్బు నడుమ ఒక పెద్ద చుక్క పుట్టడం మొదలవుతుంది. దుమ్ము వేడెక్కుతుంది. మంచు కరిగి ఆవిరై మిథనాల్ బయటికి వస్తుంది. వేడెక్కిన దుమ్ము వెలుగు పడి, ఆ అణువులు లోపల శక్తిని నింపుకుని నిలబడతాయి. అప్పుడు సరైన అల ఒకటి అటుగా వెళ్తే, మొదటి అణువు తన దగ్గరున్నది అదే తాళంలో వదిలేస్తుంది. ఒక అల రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మబ్బు దాటేసరికి సన్నటి మూలుగు కేకవుతుంది. దాన్ని మేసర్ అంటారట. "లేజరుకి అక్కండి. దానికన్నా ముందు పుట్టింది," అనేది.

"చుక్క కనపడదా మరి?" అని అడిగాను.

"కనపడదండి. ఇంకా చుక్క కాలేదు, దుమ్ములో చుట్టుకుని ఉంటుంది. దాని చుట్టూ ఈ మిథనాల్ మచ్చలే కనిపిస్తాయి. ఒక్కోచోట వరసగా, ఒక్కోచోట సగం చేతిగాజులా, ఒక్కోచోట పూర్తి వలయంలా. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఎవరో ఉన్నారని మచ్చల్ని బట్టి తెలుసుకోవాలి." టీ గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పింది. "ఆ మచ్చలు సొంతంగా ఏమీ అనవండి. విన్నదాన్నే అంటాయి. అన్నీ ఒక్కసారే."

ఆమె ఎక్కువ కాలం వెంటబడిన మబ్బులో ఇంకో విచిత్రం ఉంది. అందులో మచ్చలు ఒక లెక్క ప్రకారం పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగేవి. ఎందుకని అడిగితే, "తెలీదండి," అంది. ఆ మాటను ఆమె అన్నట్టు నేనెవరి నోటా వినలేదు. పోగొట్టుకున్న వస్తువు దొరికినప్పుడు మనం "ఇదిగో" అంటామే, ఆ గొంతుతో అనేది.

నాట్ల కాలంలో తుర్విహాళలో కంటి శిబిరానికి వెళ్లి, తిరిగి వస్తూ వాళ్లింటికి వెళ్లాను. తమ్ముడు సరిగ్గా తినడం లేదని ఆమె చెప్పింది, ఒకసారి చూడమంది. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు నిలిచిన మళ్లు. ఎండ ఆ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతోంది. ఇంటి ముందు కోత మిషను టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంది. గుమ్మం దాకా వెళ్లేసరికి లోపల నుంచి ఏదో వినిపించింది. పాట కాదు, మోటారు కాదు. నాలుగైదు సన్నటి స్వరాలు ఊపిరి తీసుకోకుండా ఒకేసారి పలుకుతున్నట్టు. వాటిలో ఒకటి మిగతావాటి కన్నా పైకి వచ్చి, వణికి, తగ్గుతోంది.

లోపల తమ్ముడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తల కాస్త పక్కకు వంచి వింటున్నాడు. ఆమె ల్యాప్‌టాప్ ముందు.

"మచ్చలండి," అంది నన్ను చూసి. "ఒక్కో మచ్చ ఒక్కో వేగంతో కదులుతుంది కదా, ఒక్కోదానికి ఒక్కో స్వరం ఇచ్చాను. బలం పెరిగితే గట్టిగా వినపడుతుంది. నేనేం చేస్తున్నానో వాడికి చూపించలేను కదా, వినిపిద్దామని."

"బాగున్నదా?" అని అతన్ని అడిగాను.

"బాగుండటం ఏంటండి," అన్నాడు. "ఊళ్లో ఎవరో పిలిచినట్టుంటది. మన పేరు కాదు, కానీ మననే." కాసేపాగి, "ఇది పెరిగినప్పుడు నాకూ పెరుగుతదండి," అన్నాడు.

"ఏంది పెరిగేది?"

"తెలుపు."

ఆమె నా వంక చూసింది. ఆ విషయం ఆమెకు అంతకుముందే చెప్పాడన్నమాట. అతని కళ్ల ముందు తెలుపు అన్ని రోజులూ ఒకేలా ఉండేది కాదట. ఒక్కో రోజు పల్చటి మజ్జిగ. ఒక్కో రోజు పాలు. ఆ తర్వాత పాలిష్ పట్టిన బియ్యం. ఇంకా పెరిగితే కొత్తగా వేసిన సున్నం. అన్నిటికన్నా పైది, ఎదురుగా వచ్చే లారీ లైటు. సున్నం దాటిన రోజుల్లో అతనికి నిద్ర పట్టేది కాదు, కళ్లు మూసినా తెరిచినా ఒకటే. కిందటి వారం ఆమె ఏమీ చెప్పకముందే, "మొన్నటి నుంచి మీ మబ్బు పెరిగిందా అక్కా" అని అడిగాడట. ఆమె చూసుకుంటే పెరిగింది.

నేను డాక్టరుగా చెప్పవలసింది చెప్పాను. చూపు పోయినవాళ్లకు మెదడు తనంతట తాను వెలుగులు, రంగులు చూపిస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. ఆయన వింటున్న స్వరాన్ని బట్టే తెలుపు పెరిగినట్టు అనిపించి ఉండొచ్చు.

"నేనూ అదే అనుకున్నానండి," అంది ఆమె. నన్ను సాగనంపడానికి కాలువ గట్టు దాకా వచ్చింది. అక్కడ నిలబడి ఒక సహాయం అడిగింది. ఇక తమ్ముడికి స్వరాలు వినిపించడం ఆపేస్తుంది. మబ్బు గురించి ఇంట్లో ఒక్క మాటా మాట్లాడదు. రోజూ పొద్దున నేను అతనికి ఫోన్ చేసి ఆ రోజు తెలుపెంతో అడగాలి. ఆమెకు మాత్రం చెప్పకూడదు.

"మీరే అడగొచ్చు గద?" అన్నాను.

"నా గొంతులో తెలిసిపోతుందండి. మబ్బు పెరిగిన రోజు నేను ఎలా మాట్లాడతానో వాడికి తెలుసు. వాడు చూసేది గొంతులే కదా ఇప్పుడు."

ఒప్పుకున్నాను. నాకు నమ్మకం ఉండి కాదు. ఆమె అడిగిన తీరు అలా ఉంది. నీళ్లలోకి చూస్తూ అడిగింది. మా ఇద్దరి నీడలూ నీళ్ల మీద ఉన్నాయి, ఆమె వాటి కిందికి, ఇంకా కిందికి చూస్తోంది. అప్పుడు ఆమె మబ్బు మా కాళ్ల కింద ఉందని తర్వాత చెప్పింది.

అలా చలికాలం దాకా నడిచింది. పొద్దున్నే నేను ఫోన్ చేస్తే అతను ఎత్తి, నమస్కారం కూడా లేకుండా, "పాలండి" అనేవాడు. "ఇయ్యాల బియ్యమండి." "మజ్జిగండి, చాలా పల్చన." నేను అది ఫోన్‌లో రాసి పెట్టుకునేదాన్ని. మెల్లగా నాకే ఒక అలవాటు పట్టుకుంది. ఆ ఒక్క మాట వింటే గాని నా పొద్దు మొదలయ్యేది కాదు. సున్నం అన్న రోజు క్లినిక్కులో ట్యూబులైటు వేయబుద్ధయ్యేది కాదు. ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు.

లెక్కకు ఇన్ని రోజులు చాలని ఆమె అనుకున్నాక మళ్లీ జవళగేర వెళ్లాను. అతను పెరట్లో అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. ఆమె నేను చెప్పిన మాటల్ని అంకెలుగా మార్చి, మబ్బు లెక్క పక్కన పెట్టింది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చూడగానే నాకే అర్థమైంది. ఒకటి లేచినప్పుడు ఇంకొకటి ఒకసారి లేస్తోంది, ఒకసారి పడుకుని ఉంది. రెండిటికీ ఏ పొత్తూ లేదు.

ఆమె చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ కనబడలేదు. "సరే," అని మాత్రం అంది.

"చెప్పకున్రి," అన్నాను గొంతు తగ్గించి. "ఆయన దాని మీదనే బతుకుతున్నడు. తిండి తింటున్నడు, నవ్వుతున్నడు. కలిసిందని చెప్పున్రి. ఎవరికి నష్టం?"

"చూపు పోయిందండి వాడికి," అంది. "ఇక నేను కూడా వాణ్ని చీకట్లో పెట్టనా?"

లేచి పెరట్లోకి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తమ్ముడి పక్కన కూర్చుని, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, కలవలేదురా అని చెప్పింది. ఎలా చూసిందో, ఎందుకు కలవలేదనుకుంటోందో అంతా చెప్పింది. అతను కదలకుండా విన్నాడు. ఎండ అతని తెరిచిన కళ్లలోకి నేరుగా పడుతోంది, రెప్ప కూడా వేయలేదు. అతను విరిగిపోతాడేమోనని నేను అనుకున్నాను. అతను అలా ఏమీ కాలేదు.

"అయితే నాకు కనపడేది ఏదక్కా?" అని అడిగాడు.

ఆమె లేచి వచ్చి మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నీలం గీత తీసేసింది. ఎరుపొక్కటే మిగిలింది, తమ్ముడి తెలుపు. ఇద్దరం దాన్ని చూశాం. ఆ గీత ఇష్టం వచ్చినట్టు లేదు. మెల్లగా ఎక్కి, పైన కొంచెం నిలిచి, ఒక్కసారిగా దిగుతోంది. మళ్లీ అంతే మెల్లగా ఎక్కి, అంతే నిలిచి, అలాగే దిగుతోంది. మళ్లీ అంతే. ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోయేలా.

"కంటి జబ్బుల్లో ఇలాంటిదేమన్నా ఉందాండి?" అని అడిగింది.

నాకు తెలిసినంతలో లేదు. జ్వరం కాదు, బీపీ కాదు, ఒంట్లో దేని లెక్కా అది కాదు. అదే చెప్పాను.

"తెలీదన్నమాట," అంది. ఆ రోజు ఆ మాటలో ఎప్పటి సంతోషం లేదు.

అక్కణ్నుంచి ఆమె వెతకడం మొదలుపెట్టింది. ఆకాశంలో ఇలాంటి మబ్బులు వందలున్నాయట. ఎవరెవరో ఎప్పుడో నమోదు చేసి వదిలేసినవన్నీ తెప్పించి, తమ్ముడి లెక్కతో పెరిగి తగ్గేది ఏదైనా ఉందా అని చూసేది. ఇది చదువుకున్నవాళ్లు చేసే పని కాదని ఆమెకు తెలుసు. తోటి పరిశోధకులకు ఒక్కరికీ చెప్పలేదు. చిక్కిపోయింది. మాట్లాడుతూ తల తిప్పే అలవాటు ఉంది కానీ, ఇప్పుడు ఒక దిక్కంటూ లేదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఎదురుగా కూర్చుంటే, గదిలో మనకు కనబడనివాళ్లు చాలామంది ఉన్నట్టుండేది. మా అమ్మ ఆమెకు రొట్టె తినిపించి పంపాక తలుపు వేసుకుని, "గా పిల్లకు ఎవరన్న చెప్పున్రే, ఇగ చాలని," అంది.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం తన కళ్లు పరీక్ష చేయమని వచ్చింది.

"కళ్లు మూసుకుంటే తెల్లగా ఉంటోందండి," అంది.

చుక్కల మందు వేసి, కనుపాప విచ్చుకున్నాక లోపల చూశాను. నరం గులాబీ రంగులో ఆరోగ్యంగా ఉంది. రక్తనాళాలు బాగున్నాయి. ఏ దోషమూ లేదు.

"మంచిగున్నయి. ఆ తెర ముందట కూసుండుడు తగ్గించున్రి," అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. "బాగుండకపోతే బాగుండుననుకున్నానండి," అంది.

"ఏం మాటలవి?"

"నాకూ కనపడితే వాడు చెప్పేది ఏంటో తెలిసేది కదండి." మందు వేసిన కళ్లతో ఎటూ చూడలేక చేతులు చూసుకుంటూ కూర్చుంది. "ఇన్నేళ్లు ఆ మిథనాల్‌ని పేరు పెట్టి పిలిచాను డాక్టరుగారూ. ఎంత దూరంలో ఉన్నదాన్ని. రాత్రీ పగలూ దాని మాటే విన్నాను. చివరికి పలికింది. మా ఇంట్లో పలికింది."

"డబ్బాల పోసి తెచ్చింది ఒక మనిషి," అన్నాను కాస్త కోపంగానే. "ఆకాశం కాదు. మీరు గిట్ల మాట్లాడితే ఎట్ల?"

"తెలుసండి. నాకు తెలుసు." తల ఊపింది. "తెలిసి కూడా భయమేస్తోంది."

ఆ రోజు ఆమెను ఒంటరిగా బస్సెక్కనివ్వలేదు. చూపు మసక తగ్గేదాకా మా ఇంట్లో పడుకోమన్నాను. మా అమ్మ పక్కన చాప మీద పడుకుని చిన్నపిల్లలా నిద్రపోయింది. నిద్రలో ఒకసారి మొహం గోడ వైపు తిప్పింది. నేను అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

మళ్లీ నేను ఆమెను చూడలేదు. వానలు పడ్డాయి, జ్వరాలు వచ్చాయి, తమ్ముడి ఫోన్ వచ్చింది. ఆ లెక్కకు సరిపోయే మబ్బు ఆమెకు దొరికిందో లేదో నాకు తెలియదు. దొరకలేదనే అనుకుంటున్నాను. దొరికి ఉంటే మొదట ఇటే వచ్చేది.

మొన్న సోమవారం అతను క్లినిక్కుకు వచ్చాడు. క్యాంపులో పక్కింటాయన బండి మీద తెచ్చి, కింద దుకాణం దగ్గర కూర్చున్నాడు. అతను కర్రతో మెట్లు తడుముకుంటూ తనే ఎక్కి వచ్చాడు. బాగానే ఉన్నాడు. పొలం కౌలుకిచ్చాడట. అన్నం వండుకోవడం నేర్చుకున్నాడట. వేళ్ల మీద కాలిన మచ్చలున్నాయి. అలవాటు కొద్దీ టార్చి వేసి చూశాను. కనుపాపలు ఎప్పటిలాగే కదలలేదు.

"ఎట్లున్నది?" అని అడిగాను. ఏ సంగతి అడిగానో అతనికి తెలుసు.

"మీరు అడుగుతారనే వచ్చానండి," అన్నాడు. "ఇప్పుడు రెండున్నాయండి."

"రెండేంది?"

"పాతది దాని లెక్కన అది వస్తోంది, పోతోంది. ఇంకోటి వచ్చిందండి. ఎడం పక్కన, చిన్నది. అక్క పోయాక వచ్చింది. ఏ రోజు వచ్చిందో సరిగ్గా చూళ్లేదు. ఏడుస్తున్నానండి అప్పుడు."

మెదడు గురించి చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేదు. కింద దుకాణంలో ఎవరో ఇత్తడి బిందె మోగించి చూస్తున్నారు. ఆ మోత ఆగేదాకా ఆగాను.

"మీ అక్కనే అనుకుంటున్నవా?" అని అడిగాను.

అతను కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"అలా అంటే అక్క ఒప్పుకోదండి," అన్నాడు. "తెలీదనే అనాలి. దాని వరసేంటో ఇంకా తెలీటం లేదు. ఎవరన్నా రోజూ అడిగితే తెలుస్తదండి."

నేను టార్చి బల్ల మీద పెట్టేశాను.

"రేపటి సంది ఫోన్ చేస్త," అన్నాను. "రెండిటినీ విడివిడిగ చెప్పాలె. ముందు పాతది, తర్వాత కొత్తది."

"ఇయ్యాల్టిది కూడా రాసుకోండి," అన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అతను తల కొంచెం ఎత్తి, నా భుజం మీదుగా వెనక ఎక్కడికో కళ్లు నిలిపాడు. "పాతది పాలండి. కొత్తది..."

ఆగిపోయాడు.

"దానికి సరిపోయే తెలుపు నేనింకా చూళ్లేదండి," అన్నాడు.